ఏడు నెలలుగా మొగమంతా బరువు, ముక్కు దిబ్బడ. అందరూ సైనస్ అంటారు, తగ్గేదెట్ల?

విభాగం: ఆరోగ్యం | కర్నూలు, అనంతపురం, కడప

ఆదోని_దూది | 2024 నవంబర్ 18, రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఆదోని పత్తి మార్కెట్లో గుమాస్తాను. వయసు 41. ఏప్రిల్లో పడిశం పట్టింది. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది గానీ పడిశం పోలేదు. అప్పట్నుంచి బుగ్గ ఎముక కింద, కనుబొమ్మల నడుమ ఎవరో బొటనవేలు పెట్టి అదిమినట్టే ఉంటాది. చెప్పులేసుకునేదానికి వంగితే చాలు, బరువంతా మొగంలోకి దొర్లుకొని వస్తాది. నా పనేమో తల వంచి చీటీలు రాసేది. గంట రాస్తే కణత దాకా గుంజుతాది.

ఇంతవరకు ఏమేం చేసినానంటే, ఎక్స్‌రే తీయించినా, "సైనస్ ఉంది" అన్నారు. యాంటీబయాటిక్ మూడు దఫాలు మింగినా. మింగినన్ని రోజులు రోంత మేలు, ఆపిన వారానికి మళ్లీ అదే కత. ముక్కులో చుక్కల మందు జూన్ నుంచి వేస్తాండా, ఇప్పుడు రోజుకు ఐదారు సార్లు. అది ల్యాకపోతే రాత్రి నోటితోనే ఊపిరి. మా అత్త వావిలాకు పంపిస్తాది, రెండు పూటలా ఆవిరి పడ్తా.

ఇప్పుడు సీజను. యార్డులో బోరాలు విప్పితే దూది నలుసు ఈగల మాదిరి ఎగురుతాంది. ఒకరు ఆపరేషన్ చేయించుకో అంటారు, ఇంకొకరు చేయించుకున్నా మళ్లీ వస్తాది అంటారు. అనుభవం ఉన్నోళ్లు చెప్పండప్పా.

బేతంచెర్ల_బండ | నవంబర్ 18, రాత్రి 11:20

అన్నా, నీది దూది, నాది బండల పొడి. పాలిష్ యూనిట్లో 14 ఏండ్లు. నీళ్లు పెట్టి కోస్తే పొడి తక్కువ లేస్తాది, కరెంటు పోయి వచ్చినప్పుడు కుర్రోళ్లు పొడిగానే కోస్తారు, ఆ రోజు సాయంత్రం ముక్కు చీదితే సున్నం మాదిరి వస్తాది. నాకు రెండు పక్కలా దిబ్బడ, తుమ్ములు. ముక్కు దూలం వంకర అన్నారు, 2019లో కర్నూల్లో ఆపరేషన్ అయింది. గాలి బాగా ఆడతాంది గానీ తుమ్ములు అట్లే ఉన్నాయి. అదొకటి ముందే తెలుసుకో.

పెన్నా_ఒడ్డు | నవంబర్ 19, ఉదయం 5:55

నాయనా, మా కాలంలో దీన్ని పీనసం అనేవాళ్లం. పసుపు కొమ్మును ఆముదంలో ముంచి, దీపం మీద కాల్చి, ఆ పొగ పీల్చు. తుమ్మి ఆకు దంచి రసం రెండు చుక్కలు ముక్కులో వేస్తే లోపలుండే చీమిడంతా తాళ్లు తాళ్లుగా దిగుతాది. నుదుటికి శొంఠి అరగదీసి పట్టు. ప్రొద్దుటూర్లో మా వీధిలో సగం మంది దీంతోనే బాగైనారు.

డోన్_మందులషాపు | నవంబర్ 19, ఉదయం 9:10

షాపు తెరిచి ఇది చూసినా. చుక్కల మందు సంగతి ఎవరూ పట్టుకోలేదు, నాకైతే అదే ముందు కనపడింది. దూదన్నా, సీసా మీద చూడు, జైలోమెటజోలిన్ గానీ ఆక్సీమెటజోలిన్ గానీ ఉంటాది. ఓట్రివిన్, నాసివియాన్ ఇట్లాంటివన్నీ అదే జాతి. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడేది. నువ్వు ఐదు నెలలు వాడితివి.

ఆ మందు ముక్కులో వాచిన రక్తనాళాల్ని బిగిస్తాది, ఐదు నిమిషాల్లో గాలి ఆడతాది. దాని పని అయిపోయినాక ఆ నాళాలు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ వేస్తావు, మళ్లీ ఉబ్బుతాయి. చివరికి పడిశం పోయినా దిబ్బడ మిగులుతాది. మా షాపుకు నెలకు ఎనిమిది సీసాలు కొనేటోడు ఒకడుండె. అమ్ముకునే నేనే ఒకరోజు "ఇంగ ఇవ్వను పోరా" అన్నా. బీపీ ఉంటే ఇంకా జాగ్రత్త, అది కూడా పెరగొచ్చు.

ఉగ్గాని | నవంబర్ 19, ఉదయం 9:31

"ఇంగ ఇవ్వను పోరా" అనే మందులషాపును మ్యూజియంలో పెట్టాల.

కడప_టీచరమ్మ | నవంబర్ 19, మధ్యాహ్నం 1:05

పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. ఆకు రసం ముక్కులో పోస్తే కారేది లోపల నిలవున్న చీమిడి కాదు, మంటకు ముక్కు పెట్టే ఏడుపు. మిరపకాయ నలిపి కంట్లో పెట్టుకున్నా నీళ్లు వస్తాయి కదా! మా అబ్బాయికి చిన్నప్పుడు మా అత్తగారు పోస్తే రెండు రోజులు ముక్కులోంచి నెత్తురు చారలు వచ్చాయి. పొగ సంగతి సరేసరి, వాచిన పొర మీద పొగ ఏం మేలు చేస్తుంది?

నాకు పనికొచ్చింది జలనేతి, అంటే ఒక ముక్కులో నీళ్లు పోసి ఇంకో ముక్కులోంచి వదిలి కడుక్కోవడం. కానీ మొదటిసారి తెలియక లోటాలో ఉత్త నీళ్లు పోసుకున్నాను. మెదడులో అగ్గిపుల్ల గీసినట్టయింది. తర్వాత తెలిసింది, నీళ్లలో ఉప్పు మన ఒంట్లో ఉన్నంత ఉండాలి. లీటరుకు 9 గ్రాములు, చిన్న చెంచాతో చెంచాన్నర. చిటికెడు వంటసోడా వేస్తే ఇంకా మెత్తగా ఉంటుంది. ఆ లెక్కన కలిపితే మంటే ఉండదు, నీళ్లు పోతున్నట్టే తెలియదు.

నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, తొట్టి నీళ్లు నేరుగా పోసుకోవద్దు. 2024లో కేరళలో మెదడును తినే అమీబా కేసులు పేపర్లో చదివే ఉంటారు. అది కడుపులోకి పోతే ఏమీ కాదు, ముక్కు దారిలో పోతేనే ప్రమాదం. నిమిషం పాటు తెర్లనిచ్చి, గోరువెచ్చగా అయ్యాక వాడుకుంటే ఆ భయం లేదు. లోటాను కూడా కడిగి ఆరబెట్టాలి.

టవర్‌క్లాక్_అక్క | నవంబర్ 19, రాత్రి 8:48

నా కత కూడా వినండి. అనంతపురంలో ఉంటా. ఆరేండ్లు సైనస్ అని మందులు మింగిన మనిషిని. కంటి వెనక నొప్పి, బుగ్గ బరువు, ముక్కు కూడా మూసుకునేది, కంట్లో నీళ్లు కారేవి. ఇంతకంటే సైనస్‌కు ఏం కావాల? నుదుటికి ఉన్నిగుడ్డ కట్టుకొని తిరిగేదాన్ని. మా ఆయన నన్ను "మఫ్లర్ మేడం" అనేవాడు.

ఒక డాక్టరమ్మ మాత్రం వేరే ప్రశ్నలు అడిగింది. నొప్పి వచ్చినప్పుడు వెలుతురు పడుతుందా? కడుపులో తిప్పుతుందా? మెట్లెక్కితే ఎక్కువవుతుందా? ఉపవాసం ఉన్న రోజు వస్తుందా? అక్కడ దొరికిపోయినా. నాకు శుక్రవారం ఒక్కపొద్దు, శనివారం పొద్దున నొప్పి. ఆరేండ్లు ఎవరూ శుక్రవారాన్ని, శనివారాన్ని కలిపి చూడలేదు. అది మైగ్రేన్. ఒంటి తలనొప్పి అంటే ఒకే పక్క రావాల అనుకునేదాన్ని, రెండు పక్కలా కూడా వస్తుందంట. సీటీ స్కాన్ తీస్తే మొగం ఎముకల్లో ఉండే సైనస్ గదులన్నీ ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి.

దూదన్నకు అదే అని అనటం లేదు. అందరూ సైనస్ అన్నంత మాత్రాన సైనస్ కాదని చెప్తున్నా.

చెవిముక్కుగొంతు | నవంబర్ 20, రాత్రి 11:15

నేను ఈ పనే చేస్తాను, కర్నూల్లో. ఇక్కడ మందు చీటీ రాయను, కానీ అక్క చెప్పిన దానికి ఒక మాట కలుపుతా. 2004లో అమెరికాలో ఒక పరిశీలన అచ్చయింది. తమకు సైనస్ తలనొప్పి అని నమ్ముతున్న 2,991 మందిని చూస్తే 88 శాతం మందికి ఉన్నవి మైగ్రేన్ లక్షణాలు. మొగానికి స్పర్శ తెలిపే నరమూ మైగ్రేన్‌లో రేగే నరమూ ఒకటే, అందుకే ముక్కు దిబ్బడ, కంటినీళ్లు కూడా వస్తాయి. మనుషులు మోసపోయేది అక్కడే.

ఇక అసలు సైనస్. మొగం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులుంటాయి: బుగ్గల్లో, నుదుట్లో, కళ్ల నడుమ, బాగా వెనక పుర్రె నడిమధ్య. ప్రతి గదిలో పొర రోజంతా జిగురు ఊరిస్తుంది, కంటికి కనపడని సన్న నూగు దాన్ని కిటికీ వైపు తోస్తుంది. బుగ్గ గదిది మరీ విచిత్రం. చెరువుకు తూము అడుగున పెడతాం కదా, ఈ గదికి తూము పైకప్పు దగ్గర ఉంది. నూగు ఎత్తి పోస్తేనే జిగురు బయటికి పోతుంది. పడిశంతోనో, దుమ్ము పడకనో ఆ తూము దగ్గర పొర వాచిందా, లోపలిది లోపలే. ఊరేది ఆగదు, పోయే దారి లేదు. ఆ బరువే మీరు చెప్పే బొటనవేలు.

ఆవిరి పడితే జిగురు మెత్తబడి అరగంట సుఖంగా ఉంటుంది, అంతే, తూము తెరుచుకోదు. పిల్లలున్న ఇంట్లో మరిగే గిన్నె కింద పెట్టి దుప్పటి కప్పుకోవద్దు, కాలిన తొడలతో వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను.

పన్నెండు వారాలు దాటితే దీర్ఘకాలిక సైనస్ వాపు అంటాం, కానీ లక్షణాలు చాలవు. ముక్కులోకి దుర్బిణీ పెట్టి చూడాలి, లేదా సీటీ తీయాలి. మామూలు ఎక్స్‌రేతో తేల్చడం పాతకాలం పద్ధతి, దాన్ని నమ్ముకోవద్దు.

దూది గారూ, నాలుగు ప్రశ్నలు. నొప్పి రెండు పక్కలా సమానమా, ఒక పక్క ఎక్కువా? చీమిడి ఏ రంగు, వాసన ఉందా? మీకు వాసనలు తెలుస్తున్నాయా? పై దవడ పళ్లకు ఎప్పుడైనా పని చేయించారా?

ఆదోని_దూది | నవంబర్ 21, ఉదయం 6:20

సార్, చివరి ప్రశ్న చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

దిబ్బడ రెండు పక్కలా. బరువు మాత్రం కుడి బుగ్గలోనే ఎక్కువ. ఎడమ పక్క తెల్లగా, నీళ్లగా వస్తాది. కుడి పక్క పసుపుపచ్చ. వాసన అంటే, ఎట్ల చెప్పాల, చచ్చిన ఎలక వాసన నాకే లోపల్నుంచి వస్తాంటుంది. మా ఇంటామె మూడు నెలల నుంచి మొగం అటు తిప్పుకొని మాట్లాడతాంది. కోపమేమో అనుకుంటి. అడిగితే ఇప్పుడు చెప్పింది, "మీ నోరు వాసన, ఎట్ల చెప్పాలో తెలీక" అని.

కుడి పక్క పై దవడ పన్నుకు రెండేండ్ల కింద రూట్ కెనాల్ చేయించినా. ఊర్లోనే. నొప్పేమీ లేదు, నమిలితే అప్పుడప్పుడు రోంత జివ్వుమంటాది.

చెవిముక్కుగొంతు | నవంబర్ 21, రాత్రి 10:50

పై దవడ పళ్ల వేర్లకూ బుగ్గ గది నేలకూ మధ్య ఎముక కొందరిలో కాగితమంత పలచన, కొందరిలో వేరు కొన గదిలోకే పొడుచుకొని ఉంటుంది. పన్ను వేరు దగ్గర చీము పడితే అది పైకి గదిలోకి పోతుంది. పన్ను నొప్పి పెట్టాలని లేదు, ఒత్తిడి పైకి పోయింది కాబట్టి నొప్పి లేకపోవచ్చు. ఒకే పక్క, దుర్వాసన, యాంటీబయాటిక్ వేసినన్ని రోజులే మేలు. ఈ మూడూ కలిస్తే పన్ను వైపు చూడాల్సిందే. ఒకే పక్క అంటే బూజు ముద్ద, ఇంకా వేరేవి కూడా ఉండొచ్చు, అందుకే సీటీ తప్పదు. సీటీలో పై పళ్ల వేర్లు కూడా పడేట్టు తీయమని అడగండి, కొన్నిసార్లు పళ్ల పైనే కత్తిరించేస్తారు.

దిబ్బడ రెండు పక్కలా ఉందంటే అది చుక్కల మందు పని, దూది నలుసు పని కూడా. అంటే మీ ముక్కులో మూడు జబ్బులు ఒకే పేరుతో కాపురం చేస్తున్నాయి.

ఉగ్గాని | నవంబర్ 21, రాత్రి 11:02

ముగ్గురుంటే బాడుగ వసూలు చేయన్నా.

పెన్నా_ఒడ్డు | నవంబర్ 22, ఉదయం 5:40

పంటి సంగతి మాకు తెలీదు నాయనా. ఆ మాట ఒప్పుకుంటా. తుమ్మి రసం వద్దులే. శొంఠి పట్టు మాత్రం నేను మానను, ఎక్కువసేపు ఉంచితే చర్మం కాలుతాది, అంతే గదా.

నిర్వాహకుడు | నవంబర్ 22, ఉదయం 10:00

ఇక్కడ రాసేది అనుభవాలు మాత్రమే, వైద్యం కాదు. ఇద్దరు సభ్యులు మందుల మోతాదులు రాశారు, తీసేశాం. ఈ లక్షణాలుంటే పోస్టు పెట్టకుండా ఆసుపత్రికి పోండి: కన్ను చుట్టూ వాపు లేదా కన్ను ముందుకు రావడం, ఒకటి రెండుగా కనపడటం, ఎక్కువ జ్వరంతో మెడ పట్టేయడం, మాట తడబడటం.

గుత్తి_రైలు | నవంబర్ 24, రాత్రి 9:33

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా నాయనకు 63, షుగర్ 15 ఏండ్ల నుంచి, కంట్రోల్లో లేదు. మూడు రోజుల నుంచి ఎడమ బుగ్గ నొప్పి, ఇవాళ ఆ బుగ్గ తిమ్మిరెక్కింది, తాకితే తెలీటం లేదంటాడు. చీమిడిలో నల్లగా ఏదో వచ్చింది. ఆవిరి పట్టించమంటారా?

చెవిముక్కుగొంతు | నవంబర్ 24, రాత్రి 9:41

ఆవిరి వద్దు, పొద్దున దాకా ఆగొద్దు. ఇప్పుడే బయల్దేరండి, అనంతపురం గానీ కర్నూలు గానీ పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి. షుగర్, బుగ్గ తిమ్మిరి, నల్ల చీమిడి అని మూడూ మొదటి మాటగా చెప్పండి. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ అని విన్నారు కదా, అది షుగర్ వాళ్లకు కోవిడ్ లేకుండా కూడా వస్తుంది. గంటలు లెక్క.

గుత్తి_రైలు | నవంబర్ 27, మధ్యాహ్నం 2:15

కర్నూల్లో ఉన్నాం. అదే అన్నారు. మొన్న ఒక ఆపరేషన్ అయింది, ఇంకోటి ఉంటుందేమో అంటున్నారు. కన్ను బాగానే ఉంది. తర్వాత రాస్తా.

ఆదోని_దూది | డిసెంబర్ 9, రాత్రి 10:05

రైలు తమ్ముడూ, మీ నాయన గురించి ఇంట్లో రోజూ అనుకుంటాండాం.

నా సంగతి. చుక్కల మందు మానినా. ఊర్లో ముక్కు డాక్టరును కలిసి, ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే రాయించుకున్నా. ముందు ఎడమ పక్క చుక్కలు ఆపి, కుడి పక్క మాత్రం వేసుకుంటా వచ్చినా. ఒక పక్క ఊపిరాడితే మనిషి బతుకుతాడు కదా. ఎడమ పక్క నాలుగు రాత్రులు నరకం. గోడకు దిండు పెట్టుకొని కూర్చొని నిద్రపోయినా. ఆరో రోజు తెల్లారుజామున దానంతటదే "సుయ్" మని గాలి పోయింది. లేచి మా ఇంటామెను లేపి చెప్పినా, తిట్టింది. తర్వాత కుడి పక్కా ఆపేసినా. కుడి పక్క అంత బాగా తెరుచుకోలేదు.

ఒక సందేహం. స్ప్రే కొడితే గొంతులోకి దిగి చేదుగా ఉంటాది, ముక్కులో నెత్తురు చార కూడా కనపడింది. తప్పు కొడతాండానా?

చెవిముక్కుగొంతు | డిసెంబర్ 9, రాత్రి 11:30

తప్పే, పదిమందిలో ఎనిమిది మంది మీలాగే కొడతారు. తల వెనక్కి వాల్చి, మధ్య గోడకు గురిపెట్టి, గట్టిగా ఎగపీలుస్తారు. మందు కొంత గోడను పుండు చేస్తుంది, మిగతాది కడుపులోకి పోతుంది. తల రోంత కిందికి వంచండి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో. అప్పుడు సీసా మూతి దానంతటదే బయటి వైపు, కంటి బయటి కొన దిక్కు చూస్తుంది. కొట్టి, మామూలుగా ఊపిరి పీల్చండి. గొంతులో రుచి తెలిసిందంటే ఎగపీల్చినట్టే.

ముందు టీచరమ్మ చెప్పిన ఉప్పునీళ్లతో కడిగి, పది పదిహేను నిమిషాలు ఆగి కొట్టండి. బురద మీద సున్నం వేస్తే పట్టదు. రెండు వారాలు విడవకుండా వాడితేగానీ దీని గుణం తెలియదు, చుక్కల మందులా ఐదు నిమిషాల్లో కాదు. మూడో రోజే "పనిచేయలేదు" అని పారేసేవాళ్లే ఎక్కువ.

కడప_టీచరమ్మ | డిసెంబర్ 10, ఉదయం 7:45

కడిగాక వెంటనే రెండు ముక్కులూ మూసి చీదకండి, నీళ్లు చెవిలోకి తన్నుతాయి. ముందుకు వంగి, తల అటు ఇటు తిప్పితే మిగిలినవి అవే కారిపోతాయి. నేను బడికి పోయే ముందు కడిగి, పిల్లలకు లెక్క చెప్తూ పుస్తకం మీదికి వంగితే దబదబా నీళ్లు పడ్డాయి. అప్పట్నుంచి సాయంత్రమే కడుగుతున్నా.

డోన్_మందులషాపు | డిసెంబర్ 10, ఉదయం 9:20

లీటరు, గ్రాములు ఎందుకనుకునేవాళ్లకు కొలిచిన పొట్లాలు, పిండే సీసా షాపుల్లో దొరుకుతాయి. అయినా నీళ్లు మాత్రం కాచినవే.

బామ్ గురించి కూడా రోజూ అడుగుతారు. అందులో పుదీనా సత్తు చల్లదనానికి ముక్కు తెరుచుకున్నట్టు మెదడు అనుకుంటాది, నిజానికి దారి అంతే ఉంటాది. రాసుకోవద్దని కాదు.

ఉగ్గాని | డిసెంబర్ 10, ఉదయం 9:44

అమృతాంజనం 1893 నుంచి ఉంది. మా అవ్వ నుదురు కూడా అప్పట్నుంచే మండుతాంది. దారి తెరుచుకోకపోయినా ఆమె నోరు మాత్రం కాసేపు మూసుకుంటాది.

ఆదోని_దూది | 2025 జనవరి 6, రాత్రి 9:50

సీటీ అయింది, కర్నూలు పోయి తీయించినా. సార్ చెప్పినట్టు "పళ్ల వేర్లు పడాల" అన్నా, అక్కడి అబ్బాయి నన్ను ఎగాదిగా చూసినాడు గానీ తీసినాడు. ఎడమ బుగ్గ గది నల్లగా, ఖాళీగా ఉంది. కుడి గది మాత్రం సిమెంటు పోసినట్టు బూడిద రంగు. దాని అడుగున, రూట్ కెనాల్ చేసిన పన్ను వేరు చుట్టూ చిన్న నల్ల సున్న. డాక్టరు పెన్ను మొనతో ఆ సున్న చూపించి, "ఇదీ మీ ఇన్ని నెలల కత" అన్నాడు.

పళ్ల డాక్టరు దగ్గరికి పోతే అసలు సంగతి తెలిసింది. పై దవడ మొదటి పెద్ద పన్నులో మూడు వేర్లకు మూడు సందులే అనుకుంటారు గానీ ఒక వేరులో రెండో సందు చాలామందికి ఉంటాదంట, సన్నగా, దాక్కొని. నాకు అది శుభ్రం చేయకుండానే మూసేసినారు. మళ్లీ తెరిచి చేయొచ్చు, కానీ పన్ను నిలువునా చీలింది, పీకడమే మేలన్నాడు. మొదట చేసినాయన మీద కోపం వచ్చింది. అడిగినా, "అప్పుడు బాగానే ఉండె" అన్నాడు. ఇంగేం చేస్తాం.

బేతంచెర్ల_బండ | జనవరి 6, రాత్రి 10:15

అంటే సైనస్ ఆపరేషన్ తప్పినట్టేనా?

చెవిముక్కుగొంతు | జనవరి 7, రాత్రి 11:05

పన్ను బాగైతే సగానికి పైగా మందికి గది దానంతటదే తేరుకుంటుంది. తేరుకోకపోతే అప్పుడు దుర్బిణీతో తూము వెడల్పు చేస్తాం. పన్నును వదిలేసి గది మాత్రం కడిగితే, మోరీ మూయకుండా ఇల్లు తుడిచినట్టు. బండ గారూ, మీ ఆపరేషన్ గాలి దారికి, తుమ్ములకు కాదు. దూలం కొంచెం వంకర లేని మనిషి అరుదు, వంకర కనపడిన ప్రతి ముక్కుకూ కత్తి అవసరం లేదు. మీ తుమ్ములకు మందు, పొడి లేవకుండా నీళ్లు, మాస్కు. సున్నపురాయి పొడి ముక్కుతో ఆగేది కాదు, ఊపిరితిత్తులను కూడా ఒకసారి చూపించుకోండి.

గుత్తి_రైలు | జనవరి 12, సాయంత్రం 5:30

నాయన ఇంటికొచ్చినాడు. రెండు ఆపరేషన్లు, నెలన్నర మందు. పై దవడలో ఎడమ పక్క కొంత తీసేసినారు, పలక పెట్టినారు, అన్నం తింటాడు, మాట రోంత ముక్కుతో వస్తాది. కన్ను మిగిలింది. ఆ రాత్రి ఆవిరి పట్టించి పండుకోబెట్టి ఉంటే ఏమయ్యేదో. సార్, మీ పేరు కూడా తెలీదు.

టవర్‌క్లాక్_అక్క | జనవరి 12, సాయంత్రం 6:02

కండ్లలో నీళ్లు తిరిగినాయి తమ్ముడూ. (ఇది మైగ్రేన్ కాదు.)

ఆదోని_దూది | 2025 ఫిబ్రవరి 20, రాత్రి 10:30

పన్ను పీకినారు జనవరి 21న. పీకినాక ఆ గుంతలోంచి గదిలోకి రంధ్రం పడింది. డాక్టరు అక్కడే చిగురు లాగి కుట్లేసినాడు. రెండు వారాలు చీదొద్దు, స్ట్రాతో తాగొద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్ము అన్నాడు. దూది గోడౌన్లో పనిచేసేటోనికి తుమ్మొద్దంటే ఎట్ల? సెలవు పెట్టినా. సీజన్లో సెలవని సేటు మొగం మాడ్చుకున్నాడు. మూడో రోజు నీళ్లు పుక్కిలిస్తే ఒక చుక్క ముక్కులోంచి వచ్చింది, గుండె ఆగినంత పనైంది. ఫోను చేస్తే, పుక్కిలించొద్దు, నోట్లో పోసుకొని ఊరికే వంచెయ్యి అన్నాడు. పది రోజులకు అది మానింది.

ఇప్పుడు కుడి పక్క పసుపుపచ్చ లేదు, ఎలక వాసన లేదు. వంగితే బరువు దొర్లేది పోయింది. చెప్పులు పదిసార్లు వేసుకొని, విప్పి చూసినా. ఎడమ పక్క తుమ్ములు, నీళ్లు మాత్రం యార్డుకు పోయిన రోజు అట్లే ఉన్నాయి, ఆదివారం ఉండవు. స్ప్రే, ఉప్పునీళ్లు నడుస్తాండాయి. మార్చిలో మళ్లీ చూపించుకోమన్నారు.

ఒకటి అడగాల. మార్కెట్లో గుడ్డ కట్టుకుంటే నలుసు ఆగటం లేదు. ఎన్-95 పెట్టుకుంటే గంటకే చెమటకు తడిసి ఊపిరాడదు, ఎండలు ముదిరితే ఇంకెట్ల? హమాలీలు ఏం వాడతారో ఎవరికైనా తెలుసా?

బేతంచెర్ల_బండ | ఫిబ్రవరి 20, రాత్రి 11:10

గాలి వదిలే రేకు ఉన్నది తీసుకో అన్నా, ముందర చిన్న బిళ్ల మాదిరి ఉంటాది. లోపలి గాలి బయటికి పోతాది, తడి తక్కువ. రెండు పెట్టుకో, ఒకటి తడిస్తే ఇంకోటి మార్చుకో. గడ్డం ఉంటే మాత్రం పక్కలనుంచి పొడి దూరుతాది. నేను ఇరవై ఏండ్ల గడ్డం పోయిన నెల తీసేసినా, మా పాప గుర్తుపట్టక ఏడ్చింది.